కొల్లేటికోటలో వదిలేసిన ఆటలు

మాటల విషయంలో మా ఆయన పొదుపరి. కాలేజీలో లెక్కలు చెబుతారు కాబట్టి రోజుకి సరిపడా మాటలన్నీ అక్కడే ఖర్చయిపోతాయేమోనని పెళ్లయిన కొత్తలో సరిపెట్టుకునేదాన్ని. తర్వాత తెలిసింది, క్లాసులో కూడా ఆయన బోర్డు మీద రాసేదే ఎక్కువ, నోటితో చెప్పేది తక్కువని. మా అమ్మాయిదీ అచ్చం అదే పోలిక. చిన్నప్పుడు ఆకలేస్తే ఏడ్చేది కాదు, వచ్చి వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడేది. ఈ ఇద్దరి మధ్యా ఇంట్లో మోగేది నా గొంతు ఒక్కటే. ఇన్సూరెన్సు ఆఫీసులో పగలంతా జనంతో వాగి వచ్చినా, ఇంటికొచ్చాక మళ్లీ నేనే మొదలుపెట్టాలి.

అలాంటి తండ్రీకూతుళ్లు నోరు విప్పేది ఒకే ఒక్క చోట. సాయంత్రం ఆయన స్నానం, సంధ్యావందనం ముగించుకున్నాక హాల్లో చాప పరిచేవారు. టీవీ కింద గేముల పెట్టె ఉండేది. చెరొక కంట్రోలర్ పట్టుకుని కూర్చునేవారు. ఇక చూడాలి ఆ సందడి.

"నాన్నా, వెనకాల! వెనకాల!"

"చూసేనమ్మా, నువ్వు తలుపు తియ్యి ముందు."

"మీరే తీస్తానన్నారు కదా!"

ఆ అరుపుల మధ్యలో స్కూలు కబుర్లు దొర్లేవి. టీచరు ఎందుకు కోప్పడిందో, ఏ స్నేహితురాలు మాట్లాడటం మానేసిందో, క్లాసులో ఎవరు తనని ఏమన్నారో. నాతో చెప్పని సంగతులు కూడా తెరమీద రాక్షసుణ్ణి బాదుతూ బాదుతూ తండ్రికి చెప్పేసేది. ఆయన కూడా తన చిన్నప్పటి సంగతులు, నేను కాపురానికొచ్చి ఇన్నేళ్లయినా విననివి, ఆ పిల్లకి చెప్పేవారు. కళ్లు ఎదుటి మనిషి మీద కాకుండా టీవీ మీద ఉంటే కొందరికి మాట సులువుగా వస్తుందనుకుంటాను. నేను వంటింట్లో కూర తరుగుతూ అన్నీ వినేదాన్ని. నా ఇంట్లో ఏం జరుగుతోందో నాకు తెలిసేది ఆ గంటలోనే.

అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా ఒక ఆదివారం ఆయన మా ఇద్దర్నీ పిలిచి ఫోన్లో ఒక వీడియో చూపించారు. అదొక కొత్త ఆట గురించి. ఊళ్లన్నీ మునిగిపోయి మిగిలిన పెద్ద సరస్సు. అందులో ఒక పడవ, పడవలో ఇద్దరు. ఒకరు వెనక కూర్చుని తెడ్డు వెయ్యాలి. ఇంకొకరు ముందు కూర్చుని దీపం పట్టుకుని దారి చెప్పాలి. తెడ్డు వేసేవాళ్లకి ముందేముందో కనిపించదు, దీపం పట్టేవాళ్లకి పడవ తిప్పే వీలుండదు. ఇద్దరూ మాట్లాడుకోకపోతే పడవ అడుగు కూడా కదలదు.

ఆయనది కొల్లేటి లంకల్లో ఒక ఊరు. మా మామగారు అక్కడ బడిపంతులుగా చేశారు. చిన్నప్పుడు వానాకాలం వస్తే మా ఆయన బడికి తాటిదోనె మీద వెళ్లేవారట. వీడియోలో నీళ్లలో మొలిచిన గడ్డి పడవకి దారిస్తూ పక్కకి ఒరగడం చూసి, "అచ్చం మా కొల్లేటి కిక్కిస గడ్డిలాగే ఉందే!" అన్నారు. మళ్లీ వెనక్కి తిప్పి చూశారు. మళ్లీ అదే మాట అన్నారు. ఆ మనిషి ఒక మాటని రెండుసార్లు అనడం నేను ఎరగను.

చిక్కేమిటంటే ఆ ఆట అప్పటికి ఇంకా పుట్టలేదు. ఎక్కడో చలిదేశంలో నలుగురైదుగురు కలిసి తయారు చేద్దామనుకుంటున్నారు. ఇష్టమున్నవాళ్లు ముందే తలా కొంత కడితే ఆ డబ్బుతో చేసి, అయ్యాక కట్టినవాళ్లందరికీ పంపుతారట. వండని కూరకి ముందే డబ్బులివ్వడమేమిటి, నాకు అర్థం కాలేదు.

"చందా లాంటిదే. వినాయకచవితి పందిరికి ఇవ్వడం లేదూ?" అన్నారాయన.

"పందిరి చవితి నాటికి వేసేస్తారండీ" అన్నాను.

నవ్వి ఊరుకున్నారు. వచ్చే దసరాకల్లా ఆట చేతికొస్తుందని అక్కడ రాసి ఉంది. ఇద్దరికీ కలిపి కట్టేశారు.

ఆ ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి వెళ్లాం. లంకల వాళ్లకి ఆ తల్లి ఇలవేల్పు లాంటిది, ఏడాదికోసారి దర్శనం తప్పదు. ఆ నెలలోనే మా అమ్మ కాశీ వెళ్లి వచ్చింది. వెళ్లినవాళ్లు తమకి ఇష్టమైన కాయో పండో అక్కడ వదిలేసి వస్తారు కదా, మా అమ్మ వంకాయ వదిలేసి వచ్చింది. గుత్తివంకాయ వండితే తాను తినకుండా అందరికీ వడ్డించడం చూసి మా అమ్మాయికి అది పెద్ద వింత అయిపోయింది. ఎందుకు వదిలేశావని అడిగితే, ఇష్టమైనది వదులుకుంటే అడిగింది దొరుకుతుందమ్మా అని మా అమ్మ చెప్పింది. ఆ మాట పిల్ల మనసులో పడింది.

గుళ్లో దర్శనం వరసలో అది తండ్రి చెవిలో ఏదో గొణిగింది. ఆయన తల ఊపారు. ఇద్దరూ అమ్మవారి ముందు కళ్లు మూసుకుని చాలాసేపు నిలబడ్డారు. బయటికొచ్చి చెప్పులు వేసుకుంటుంటే అడిగాను, ఏమిటా రహస్యమని.

"పడవ ఆట వచ్చేదాకా ఇంక వేరే ఏ ఆటా ఆడమని మొక్కుకున్నాం అమ్మా. అప్పుడైతే తొందరగా వచ్చేస్తుంది."

నేను ఆయన వైపు తిరిగాను. "అది చిన్నపిల్ల, అంది సరే. మీకేమయిందండీ?"

"ఎంతలే. దసరాకి వచ్చేస్తుందిగా" అన్నారు.

ఊళ్లో పిల్లలందరి చేతా లెక్కలు చేయించే మనిషి ఈ ఒక్క లెక్కలో పప్పులో కాలేశారు. మొక్కంటే మాలాంటి ఇళ్లలో ఆషామాషీ వ్యవహారం కాదు. మొక్కు తప్పితే ఏదో అయిపోతుందని ఎవరూ పైకి అనరు. కానీ తప్పిన తర్వాత ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా అందరి మనసులూ అటే పోతాయి. మా నాన్నగారు తాడేపల్లిగూడెంలో పౌరోహిత్యం చేస్తారు. మొక్కులు, వాటి చెల్లింపులు వింటూ పెరిగినదాన్ని, నాకు తెలుసు.

మొదట్లో ఏమీ తెలియలేదు. గేముల పెట్టె మీద అమ్మాయి ఒక జరీ గుడ్డ కప్పింది. చాప మాత్రం పరుస్తూనే ఉన్నారు. ఆట తయారు చేసేవాళ్లు పది పదిహేను రోజులకోసారి మెయిల్ పంపేవారు. ఇద్దరూ తలలు ఆనించి దాన్ని చదివేవారు. ఈసారి నీళ్లకి అలలు వచ్చాయట, ఈసారి దీపం వెలుగు నీళ్లలో పడుతోందట అని ఒకటే మురిపెం. దానిమీద గంటసేపు చర్చ, ఆ చర్చలోంచి మళ్లీ స్కూలు కబుర్లు. ఆట లేకపోయినా మాటలున్నాయి కదా అని నేనూ సంతోషించాను.

దసరా వచ్చింది. ఆట రాలేదు, క్షమించమని మెయిల్ వచ్చింది. అనుకున్నదానికంటే ఎక్కువమంది డబ్బులు కట్టారట, అంచేత సరస్సుని ఇంకా పెద్దది చేస్తున్నారట. మా ఆయన మెచ్చుకున్నారు కూడా. తర్వాత ఋతువులు చేర్చారు. తర్వాత సరస్సు మధ్యలో సంత, సంతలో అమ్మేవాళ్లు, వాళ్లకి పాటలు. ఆ తర్వాత పక్షులు. పక్షులు సరిగ్గా ఎగరడం లేదని ఒక ఏడాది పైనే గడిచింది. మా వీధి చివర ఒకాయన రెండు గదుల ఇల్లని మొదలుపెట్టి, పునాది లేచేసరికి పైన ఇంకో అంతస్తన్నాడు, దానిపైన ఇంకోటన్నాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో ఎవరూ చేరలేదు. నాకు ఆ మెయిళ్లు చూసినప్పుడల్లా ఆ ఇల్లే గుర్తొచ్చేది.

రానురాను మెయిళ్లు పలచబడ్డాయి. నెలకొకటి, ఆ తర్వాత ఎప్పుడో గుర్తొచ్చినప్పుడొకటి. వచ్చినా అందులో కొత్తేమీ ఉండేది కాదు. చర్చించడానికి ఏమీ లేక చాప పరచడం మానేశారు. అమ్మాయి పైతరగతుల్లోకి వచ్చింది, గదిలో తలుపు వేసుకుని చదువుకోవడం అలవాటయింది. సాయంత్రం ఆయన హాల్లో పొద్దుటి పేపరే మళ్లీ తిరగేసేవారు. భోజనాల దగ్గర వాళ్లిద్దరి సంభాషణ ఇదీ:

"పరీక్ష ఎలా రాశావమ్మా?"

"బాగానే రాసేను నాన్నా."

అంతే. మా ఇంట్లో ఎవరూ ఎవరితోనూ పోట్లాడుకోలేదు, ఎవరికీ ఎవరిమీదా అలక లేదు. అయినా తండ్రీ కూతుళ్ల మధ్య మాట పడిపోయింది. పదో తరగతిలో ఆ పిల్లకి క్లాసులో ఏదో అవమానం జరిగి, వారం రోజులు సరిగ్గా అన్నం తినలేదు. సంగతేమిటో నాకు ఇంకొక పిల్ల తల్లి చెబితే తెలిసింది. సాయంత్రం ఆ ఆటల గంట ఉండి ఉంటే ఆ రోజే తెలిసేది. నేను ఎన్నిసార్లు పక్కన కూర్చుని బుజ్జగించి అడిగినా దాని దగ్గర్నించి ఒక్క ముక్క రాదు. నా కళ్లు దాని మొహం మీదే ఉంటాయి మరి.

ఆ రాత్రి భోజనాలయ్యాక ఆయన మీద విరుచుకుపడ్డాను.

"కొల్లేటికోట వెళ్లి కొబ్బరికాయ కొట్టి, తల్లీ మావల్ల కాలేదు, తప్పు క్షమించమని చెప్పి రండి. ఆ గుడ్డ తీసి పారెయ్యండి. ఏదో ఒక ఆట ఆడుకోండి ఇద్దరూ."

"అమ్మాయి అనుకున్న మొక్కే అది. చిన్నప్పట్నుంచీ నిలబెట్టుకుంటోంది. తండ్రినయ్యుండి నేను ముందు తప్పితే ఏమనుకుంటుంది?"

సరే, ఆ కూతుర్నే అడుగుదామని గదిలోకి వెళ్లాను. అది పుస్తకంలోంచి తల ఎత్తకుండానే జవాబు చెప్పింది.

"నాన్న మొక్కు మీదే ఉంటున్నారుగా అమ్మా. నేనెలా వదిలేస్తాను?"

ఆయన దాని కోసం, అది ఆయన కోసం. ఇద్దర్నీ చెరొక చెవీ పట్టుకుని తీసుకొచ్చి ఎదురెదురుగా కూర్చోబెట్టాలనిపించింది. కానీ కూర్చోబెడితే మాత్రం మాట్లాడతారా! నా కోపం చివరికి ఆ ఆట తయారు చేసేవాళ్ల మీదికి మళ్లింది. వాళ్ల పేజీలో కింద జనం రాసుకునే చోటు ఉంది. ఇంగ్లీషులో రాద్దామని కూర్చుంటే తిట్టు ఒక్కటీ కుదరలేదు, అన్నీ ఆఫీసు ఉత్తరాల్లాగే వస్తున్నాయి. ఇక లాభం లేదని తెలుగులోనే ఉతికి ఆరేశాను. మీకు పిల్లలున్నారా, పిల్లలు పెరుగుతారన్న సంగతి తెలుసా, మా ఇంట్లో మాటలు తినేసి పక్షులకి రెక్కలు పెడుతున్నారా అని. మర్నాడు జవాబు వచ్చింది. ఏ మరయంత్రం చేత అనువాదం చేయించుకున్నారో ఏమో, పక్షుల గురించి మీరు చూపిన ఆసక్తికి కృతజ్ఞతలు, త్వరలో మరిన్ని పక్షులు చేరుస్తాం అని రాశారు. చాలాకాలం తర్వాత మా ఇంట్లో ముగ్గురం కలిసి నవ్వింది ఆ పూటే.

నవ్వు ముందుగా ఆగింది ఆయనకే. తర్వాత, "నాకు మాత్రం కోపం లేదనుకుంటున్నావా?" అన్నారు.

 ఆయనంతట ఆయన మాట్లాడుతున్నప్పుడు మధ్యలో వెళ్లకూడదని నాకు తెలుసు.

"వాళ్లు మోసగాళ్లయినా బాగుండును. తిట్టుకుని, పోయిందనుకుని ఊరుకునేవాణ్ణి. ఇంకా చేస్తూనే ఉన్నారు. పాపం, ఇష్టంగానే చేస్తున్నట్టున్నారు. అదే వచ్చిన చిక్కు. అలాంటివాళ్లని ఎలా వదులుకోవాలో తెలీడం లేదు."

ఆ మాట నాకు చాలా రోజులు మనసులో తిరిగింది. ఎండాకాలంలో ఒకసారి వాళ్ల లంకకి వెళ్లినప్పుడు, తాను దోనె మీద బడికెళ్లిన దారి చూపిస్తానని గట్టు మీదికి తీసుకెళ్లారు. అక్కడ దారీ లేదు, కిక్కిసా లేదు. కంటికి ఆనినంత మేర చేపల చెరువులు, వాటి గట్లు, చేపలకి గాలి అందేలా నీళ్లని చిలుకుతున్న ఏరేటర్లు. సరస్సు మీద తగువులు కోర్టుల్లో ఉన్నాయి, గట్లు ఒకసారి కొట్టేస్తారు, మళ్లీ లేస్తాయి. ఆయన చెయ్యి ఎత్తి ఎటు చూపించాలో తెలియక దించేశారు. ఆ ఆట కోసం ఈ మనిషి ఎందుకంత పట్టుదలగా ఉన్నారో నాకప్పుడు కొంత అర్థమయింది. కూతుర్ని ఒక్కసారి ఆ నీళ్ల మీద తిప్పాలని ఉంది ఆయనకి. తీసుకెళ్లడానికి ఇంకో సరస్సు లేదు.

అమ్మాయి ఇంటరు అయ్యాక తాడేపల్లిగూడెంలో ఇంజినీరింగులో చేరింది. అమ్మమ్మగారి ఊరే అయినా, రాత్రి దాకా ల్యాబులుంటాయని హాస్టల్లో ఉంది. మేముండే ఏలూరు నుంచి బస్సెక్కితే ఉంగుటూరు దాటగానే గూడెం వచ్చేసినట్టే. అయినా అది ఇంటికి రావడం నెలకో, రెండు నెలలకో. రోజూ ఫోన్ చేస్తుంది. నాతో మాట్లాడాక నాన్నకివ్వమంటుంది. తిన్నావా అంటే తిన్నానంటుంది, మీరు తిన్నారా అంటే తిన్నానంటారు. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ పట్టుకుని కాసేపు అలా ఉంటారు. పెట్టేయడం ఇష్టం ఉండదు, చెప్పడానికి ఏమీ ఉండదు.  ఎప్పుడైనా అదే, "మెయిలేమైనా వచ్చిందా నాన్నా?" అని అడిగేది. "లేదమ్మా, చూద్దాం" అనేవారు. ఆ రోజు ఫోన్ పెట్టేశాక ఆయన మొహం కాస్త తేటగా ఉండేది. తనతోపాటు ఇంకొకరు కూడా ఎదురుచూస్తున్నారన్న ధైర్యం కాబోలు.

పోయిన శ్రావణంలో మెయిల్ వచ్చింది. ఆట పూర్తి కాలేదు. కానీ అయినంతమట్టుకు ఇస్తాం, ఆడుతూ ఉండండి, మిగతాది మెల్లిగా కలుపుతాం అని. నేను ఎగిరి గంతేశాను. ఆయన మాత్రం ధర్మసందేహంలో పడ్డారు. సగం వస్తే వచ్చినట్టా, రానట్టా? మొక్కు తీరినట్టా, తీరనట్టా? ఈ మనిషితో వేగలేక మా నాన్నగారికి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాను.

మా నాన్నగారు అంతా విని మొదలుపెట్టారు.

"అల్లుడు గారూ, గుళ్లో మూర్తిని ప్రతిష్ఠ చేసేసి, కళ్లు తెరిపించి, నైవేద్యం పెట్టేసేక, గోపురం ఇంకా లేవలేదని పూజలు ఆపుకుంటామాండీ?"

"ఆపమండి."

"మరి మీ పడవ నీళ్ల మీద నడుస్తోందా?"

"నడుస్తోందటండి."

"ఇద్దరెక్కొచ్చా?"

"ఎక్కొచ్చటండి."

"అయితే మూర్తి వచ్చేసినట్టే. మిగతాది గోపురం. అమ్మాయిని రమ్మని, ముందు అమ్మవారికి కొబ్బరికాయ కొట్టించి, తరవాత నిక్షేపంగా ఆడుకోండి. ఈ మాత్రం దానికి ఇన్నాళ్లు నన్నడగలేదేవిటండీ మీరు?"

ఆ శనివారం సాయంత్రం అమ్మాయి వచ్చింది. ఆదివారం పొద్దున్నే కొల్లేటికోట వెళ్లి కొబ్బరికాయ కొట్టాం. గుళ్లో అది చాలాసేపు చేతులు జోడించి నిలబడింది, పూజారి గారు ముందుకి జరగమంటే గాని కదల్లేదు. మధ్యాహ్నం భోజనాలయ్యాక హాల్లో చాప పరిచారు. పాత పెట్టెలో ఈ ఆట నడవదట, అమ్మాయి తన ల్యాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించింది. నేను గిన్నెలు కూడా కడగకుండా చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూర్చున్నాను.

నీళ్లు వచ్చాయి. ఒప్పుకోవాలి, అంత అందమైన నీళ్లు నేను టీవీలో చూడలేదు. ఆయన తెడ్డు తీసుకున్నారు, అది దీపం పట్టుకుంది.

"నాన్నా, ఎడమకి. ఎడమకండీ. అది కుడి!"

పడవ ఉన్నచోటే గిరగిరా తిరిగింది. ఆయన వేళ్లు మొద్దుబారిపోయాయి. ఏ మీట ఎక్కడుందో చేతులకి గుర్తులేదు, వంగి వంగి చూసుకుంటున్నారు. గడ్డిలో దూరి, రాయికి కొట్టుకుని, మళ్లీ మొదటికొచ్చింది. చివరికి నవ్వుతూ తెడ్డు దానికిచ్చి తాను దీపం తీసుకున్నారు. అంతే, పడవ రెల్లు మధ్యలోంచి జారుకుంటూ పోయింది. అమ్మాయి బొటనవేళ్లు మీటల మీద తిరుగుతున్నాయి. చూడక్కర్లేదు, వెతుక్కోనక్కర్లేదు. రాళ్లు తప్పించింది, సుడిగుండం అంచు పట్టుకుని బయటపడింది. పట్టుమని అరగంట కాలేదు, ఒక లంక దగ్గర నీళ్లకి అడ్డంగా చెక్కబోర్డు కనిపించింది. ఇంతవరకే తయారయింది, ముందు దారి ఇంకా కడుతున్నాం అని. పడవ వెళ్లి ఆ బోర్డుకి టక్కుమని తగిలి ఆగిపోయింది.

ఇన్నేళ్లూ ఎదురుచూసింది ఇదీ అని నేను నోరు తెరవబోయాను. కానీ ఆయన టీవీ వైపు చూడటం లేదు. దాని చేతుల వైపు చూస్తున్నారు.

"వేళ్లు బాగా తిరుగుతున్నాయే అమ్మలూ" అన్నారు.

అది కంట్రోలర్ ఒళ్లో పెట్టుకుంది. తల ఎత్తలేదు.

"హాస్టల్లో చేరిన నెలకే నాన్నా. రూములో వాళ్లు వేరే ఆట ఆడుతుంటే నేనూ ఆడేశాను. రోజూ ఆడతాం."

 నాకు బెంగ పట్టుకుంది. మొక్కు తప్పినందుకు కాదు. ఒక్కగానొక్క కూతురి కోసం ఆయన ఆ గుడ్డ తియ్యకుండా కూర్చున్నారు, అది ఎప్పుడో తీసేసింది. ఈ దెబ్బతో ఆ మిగిలిన రెండు మాటలు కూడా పోతాయేమోనని భయమేసింది.

"మరి నాతో చెప్పొచ్చు కదమ్మా" అన్నారాయన. కోపం లేదు ఆ గొంతులో. ఉంటే బాగుండుననిపించింది.

"చెబితే మీరొక్కరే ఎదురుచూడాలి కదా నాన్నా. అందుకని చెప్పలేదు."

నాకు ఏడుపొచ్చేసింది. మెయిల్ వచ్చిందా అని ఫోన్లో అడిగినప్పుడల్లా అది ఆట గురించి అడగలేదన్నమాట. నేను పైట చెంగుతో మొహం తుడుచుకున్నాను, నన్నెవరూ చూడలేదు. వాళ్లిద్దరూ ఆ బోర్డు ముందు ఆగిపోయిన పడవనే చూస్తున్నారు.

"ఏం ఆట అది? మీరాడేది?" అని అడిగారాయన.

అది అనుమానంగా చూసింది. "మంచు కొండ నాన్నా. నలుగురు ఒకే తాడు కట్టుకుని ఎక్కాలి. ఒకరు జారితే అందరూ జారిపోతారు."

"నలుగురా? ఎవరెవరు?"

"నేనూ, నా రూమ్మేట్లిద్దరూ. నాలుగోవాళ్లు ఎవరూ లేరు. ముగ్గురమే ఆడతాం. వాళ్లిప్పుడు కూడా ఆడుతూనే ఉంటారు."

ఆయన లేచి గదిలోకి వెళ్లిపోయారు. తలుపు దగ్గరికి వేసుకున్నారు. అమ్మాయి నా వైపు చూసింది, దాని కళ్లనిండా నీళ్లు. వెళ్లి కదిలించనా, ఊరుకోనా అని నేను ఆలోచిస్తున్నాను. బీరువా తీసిన చప్పుడు, మళ్లీ వేసిన చప్పుడు వినిపించాయి.

తలుపు తీసుకుని వచ్చారు. ఇందాకటి బనియన్ మీద ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. తల దువ్వుకున్నారు. చెదిరిన విభూతి రేఖలు మళ్లీ దిద్దుకున్నారు.

"నాన్నా, అందులో కెమెరా ఉండదు. గొంతు ఒక్కటే వినిపిస్తుంది వాళ్లకి" అంది అమ్మాయి.

"లేకపోతే మాత్రం? నీ స్నేహితుల్ని మొదటిసారి కలుస్తున్నానమ్మా" అంటూ చొక్కా బొత్తాలు పెట్టుకుని, చాప మీద దాని పక్కన కూర్చున్నారు.